పాట పెడితే పులిహోర వాసన

మొన్న ఆదివారం మా వంటింట్లో పులిహోర పోపు వేశారు. కాగిన నూనెలో పసుపు పడిన ఆ ఘుమఘుమ ముందుగదిలోకి వచ్చిన క్షణంలోనే, ఫ్రిజ్ మోటారు అందుకుందో ఏమో, నా నెత్తిమీద లైటు ఒక్కసారి డిమ్మయి మళ్ళీ వెలిగింది. చేతిలో పేపరు పక్కన పడేసి, చెప్పులైనా వేసుకోకుండా వాకిట్లోకి పోయి, రెండు రోజులుగా కదలని మా కారు బానెట్ మీద కుడిచెయ్యి తిరగేసి ఆనించాను. చల్లగా ఉంది. గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మా ఆవిడ ఈ దృశ్యం చూసి, "దానికి జ్వరం లేదు గానీ, వచ్చి విస్తళ్ళు వెయ్యండి" అంది. వయసులో ఉన్నప్పుడు ఎవరు గంభీరంగా నిలబడినా గాలి తీసెయ్యడం నా జబ్బు. ఇన్నేళ్ళ కాపరంలో అది ఆవిడకి అంటుకుని నాకు తగ్గింది.

పసుపు వాసన, లైటు డిమ్మవడం, ఈ రెండూ ఒకేసారి జరిగితే నా చెయ్యి దానంతటదే బానెట్ కోసం వెతుక్కుంటుంది. దానికో కారణం ఉంది. నా ఈడువాళ్ళైతే ఇట్టే పట్టుకుంటారు, ఎందుకంటే కారులో పాట వినడం ఒక హోదాగా ఉన్న రోజుల్లో మనమంతా కుర్రాళ్ళం.

క్యాసెట్లు వెనకబడి సీడీలు ముందుకొస్తున్న కాలం అది. రొయ్యల చెరువులు కలిసొచ్చిన ఇళ్ళలో ముందు కారు వచ్చేది, వెనకాలే ఆ కారులోకి పాట వచ్చేది, ఆ పాట వెనకాల డిక్కీలో బియ్యం బస్తా అంత ఊఫర్ పెట్టె వచ్చేది. చెరువుగట్ల మీద కారు కనిపించకముందే దాని దరువు వినిపించి కొంగలు లేచిపోయేవి. ఎవరి కారు వస్తే ఎన్ని కొంగలు లేచాయన్నదాన్ని బట్టి ఊళ్ళో లెక్కగట్టేవారని నేను అనేవాణ్ణి. అది అబద్ధమే గానీ, ఎవరూ కాదనలేదు.

నరసాపురంలో, గోదారి దాటించే పంటు ఆగే రేవుకు పోయే దారిలో మా మావయ్యకి రేకుల షెడ్డు ఉండేది. బ్యాటరీలు, డైనమోలు, కారు టేపులు, వాటి తాలూకు తీగలు, ఆ తీగల తాలూకు ఏడుపులు, అన్నీ ఆ షెడ్డులోకే వచ్చేవి. అమ్మకి స్వయానా తమ్ముడు. నేను రాజమండ్రిలో రేడియో, టీవీ రిపేరు కోర్సు ముగించుకుని వచ్చి ఆయన దగ్గర చేరేసరికి నాకు ఇరవై మూడేళ్ళు. వస్తూ వస్తూ కరెంటు కొలిచి అంకెల్లో చూపించే కొత్త మల్టీమీటరు ఒకటి తెచ్చుకున్నాను. దానికో తోలు సంచీ కుట్టించి నడుముకు కట్టుకు తిరిగేవాణ్ణి. మావయ్య దగ్గర మాత్రం రెండే పరికరాలు. ఒకటి, రెండు తీగలకు అతికించిన టార్చిలైటు బల్బు. రెండోది ఆయన కుడిచెయ్యి. ఏ బండిలో కరెంటు తేడా వచ్చినా, దాన్ని కాసేపు పనిచేయించి, తీగలు కలిసే ప్రతి చోటా చెయ్యి తిరగేసి వెనకవైపు ఆనించుకుంటూ పోయేవాడు. అరచెయ్యి పని చేసి చేసి మొద్దుబారిపోయింది, వెనకవైపే ఇంకా కాస్త ప్రాణం ఉంది అనేవాడు. ఎక్కడ వేడెక్కితే అక్కడే జబ్బు ఉందని ఆయన వైద్యం. నేను పక్కన నిలబడి, నాలుక కూడా చూపించమను మావయ్యా అనేవాణ్ణి.

ఆ ఏడు దసరాకి ముందు భీమవరం వైపు నుంచి ఒక రాజుగారు తన తెల్ల డీజిల్ కారు పంపించారు. చెరువుల మీద బతుకుతున్న పెద్ద కుటుంబం, పెద్ద మనసున్న మనిషి, మాట మాత్రం మెత్తగా ఉంటుంది. కారుకి ఆంప్లిఫయరు, ఊఫరు, వాటి దాహానికి సరిపడే పెద్ద బ్యాటరీ, బొటనవేలంత లావు కొత్త తీగలు వెయ్యాలి. దసరా రోజు ఆయన అమ్మగారే స్వయంగా వచ్చి షెడ్డులోనే పూజ చేయించుకుని కారు తీసుకెళతారు. ఆ మామ్మగారంటే మా వీధిలో అందరికీ భక్తీ భయమూ సమానంగా ఉండేవి.

ఇక్కడ చిన్న పాఠం చెప్పాలి, ఓపిక పట్టండి. కారులో కరెంటు వెళ్ళేటప్పుడు తీగ మీద వెళుతుంది. తిరిగొచ్చేటప్పుడు కారు ఇనుప ఒంటి మీదుగా వచ్చి, ఒక్క బోల్టు దగ్గర నల్లతీగలోకి ఎక్కి బ్యాటరీకి చేరుతుంది. ఆ బోల్టునే మేం ఎర్త్ అంటాం. రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా రేవులో ఉన్న పంటు ఒక్కటే కదా, అలాగన్నమాట. పంటు దగ్గర ఇబ్బంది వస్తే బస్సులూ ఆగుతాయి, ఎడ్లబళ్ళూ ఆగుతాయి. అందుకే ఆ చోట రంగంతా ఉప్పుకాగితంతో గీకి, ఇనుము అద్దంలా మెరిసేదాకా రుద్ది, అప్పుడు నల్లతీగ బిగించాలి. నేను అలాగే రుద్దాను. మా షెడ్డులో అంత బాగా మెరిసిన ఇనుము ముందూ లేదు, వెనకా లేదు.

అదే కొంప ముంచింది. మామ్మగారు వెండి గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చారు, నీళ్ళతో కాదు, నువ్వులనూనెతో. నీళ్ళతో కలిపితే ఇనుము తుప్పు పట్టదా బాబూ అని ఆవిడే నాకు వివరించారు. ఆ మాటకి నేను లోపల దణ్ణం కూడా పెట్టుకున్నాను. నాలుగు చక్రాలకి, స్టీరింగుకి, కొత్త బ్యాటరీకి, ఊఫరుకి, ఆఖరికి నా మల్టీమీటరు సంచీకి కూడా పసుపూ కుంకుమా అయ్యాక, ఆవిడ చూపు బానెట్ కింద మెరుస్తున్న ఆ చోటు మీద పడింది. "అదేంటి బాబూ, కొత్త ఇనుము అలా బోసిగా వదిలేశావు?" అంటూ అక్కడ తన బొటనవేలితో నిండుగా ఒక బొట్టు పెట్టారు. మావయ్య లోపల ఇంకో లారీ పూజలో ఉన్నాడు. ముత్తైదువ పెట్టిన బొట్టు, అదీ దసరానాడు, అదీ ఆవిడ ఎదురుగా, ఎవడు తుడుస్తాడు? నేను దాని మీదే నల్లతీగ పెట్టి బోల్టు బిగించేశాను. మనిషికి పెట్టినట్టు పెట్టారు మామ్మగారూ, ఇక దీనికి దిష్టి తగలదు అని పైగా ఒక జోకు. ఆవిడ మురిసిపోయారు. నేను ఆ సంగతి అక్కడికక్కడే మరిచిపోయాను. మీరు మాత్రం మరిచిపోకండి.

పది రోజులు కాకుండానే కబురు. పాట పెట్టగానే దరువుకి దరువుకి హెడ్‌లైట్లు కళ్ళు మూసి తెరుస్తున్నాయట. రాజుగారు తెల్లారుజామున చీకటితోనే చెరువుల మీదకు వెళ్ళే మనిషి; గట్టు మీద లైటు రెప్ప వేస్తే కారు నేరుగా రొయ్యల్ని పలకరించడానికి పోతుంది. దీనికి తోడు ఇంకో వింత. పాట పెట్టిన పావుగంటకల్లా కారులో పులిహోర వాసన. మొదటిరోజు అందరికీ ఆకలేసింది. రెండోరోజు అనుమానం వేసింది. నాలుగోరోజుకి రాజుగారి భార్య తీర్పు చెప్పేశారు: డ్రైవరు గుళ్ళ దగ్గర ప్రసాదం పొట్లాలు కారులో కూర్చుని తింటున్నాడు, ఆ చేతుల్తోనే కింద తీగలు ఏవో కెలుకుతున్నాడు, లైట్లు పాడవడం అందువల్లే.

ఆ డ్రైవరుని ఊరంతా బాబాయి అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. రాజుగారి పిల్లల్ని బడికి దింపింది ఆయనే, మామ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ ఆయనే. సీట్లు వాసన చూశారు, డిక్కీ కడిగించారు, ఆయన అన్నం క్యారియరు విప్పి చూశారు. అందులో గోంగూర ఉంది. అది నేరస్థుడి తెలివి అనుకున్నారు.

ఈలోగా వైద్యం కూడా జరిగింది. భీమవరంలో ఒకాయన డైనమో విప్పి కట్టాడు. ఇంకొకాయన సోడా సీసా అంత కెపాసిటరు తెచ్చి డిక్కీలో నిలబెట్టాడు. అందంగా ఉంది, లైట్లు మాత్రం దాన్ని గౌరవించలేదు. ఆఖరికి కారు మా షెడ్డుకే వచ్చింది. నేను తోలు సంచీ విప్పి, ఇంజను నడుస్తుండగా మల్టీమీటరు కాళ్ళు రెండూ బ్యాటరీ రెండు తలల మీద పెట్టాను. పదమూడు వోల్టుల చిల్లర. పాట పెంచినా అంకె కదల్లేదు. బండి ఆరోగ్యంగా ఉందని, లైటు డిమ్మవడం చూసేవాళ్ళ కళ్ళలో ఉందని ప్రకటించి పంపించేశాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒంటరిగా ఉన్నా తల దించుకుంటాను.

కార్తీకమాసం వచ్చింది. మామ్మగారు అన్నవరం వ్రతానికి వెళ్ళాలి, చీకటితోనే బయల్దేరాలి. ముందురోజు పొద్దున్నే బాబాయి కారు తీసుకొచ్చి షెడ్డు ముందు ఆపి, ఎప్పుడూ కూర్చోనివాడు బల్ల మీద కూర్చున్నాడు.

"ఏంటి బాబాయ్, పులిహోర తెచ్చావా?" అన్నాను, అలవాటుగా.

ఆయన నవ్వలేదు. "తుని నుంచి వేరే డ్రైవర్ని పిలిపిత్తున్నారంట బాబూ. ఇవాళ సాయంత్రంలోగా లైట్లు బాగవకపోతే రేపటి నుంచి నన్ను మానెయ్యమన్నారు. నేను పులిహోర తింటే కడుపులో మంటని మా ఇంట్లో పిల్లలక్కూడా తెలుసు. ఆళ్ళు నమ్మడం లేదు" అన్నాడు.

నోట్లో ఉన్న రెండో జోకు నోట్లోనే ఉండిపోయింది. మావయ్య లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "అల్లుడూ, నీ తోలు సంచీ పక్కన పెట్టి రా" అన్నాడు.

కారు ముక్కు షెడ్డులోకి పెట్టించి, చీకటిగా ఉన్న వెనక గోడ మీద లైట్లు పడేలా నిలబెట్టాడు. ఇంజను నడుస్తోంది. బాబాయిని లోపల కూర్చోబెట్టి పాట పూర్తిగా పెంచమన్నాడు. గోడమీద వెలుగు డోలు దెబ్బ దెబ్బకీ కుంగుతోంది. అప్పుడు తన టార్చిలైటు బల్బు తీశాడు. నేను బ్యాటరీ రెండు తలలకీ పెట్టాను కదా, ఆయన అలా పెట్టలేదు. ఒక తీగ బ్యాటరీ నల్లతలకి, ఇంకో తీగ కారు ఇనుప ఒంటికి ఆనించాడు. రెండూ ఒకటే కావాలి, మధ్యలో ఏమీ వెలగకూడదు. ఆ బల్బు మాత్రం డోలు మోగినప్పుడల్లా మిణుకు మిణుకుమని తాళం వేసింది. వెలగకూడని బల్బు అంత చక్కగా తాళానికి వెలగడం నేను మళ్ళీ చూడలేదు. "కరెంటు వెళ్ళింది బాగానే వెళ్ళింది. తిరిగొచ్చే దారిలో ఎవరో అడ్డం పడుకున్నారు" అన్నాడు మావయ్య.

తరువాత చెయ్యి తిరగేశాడు. బ్యాటరీ తల, చల్లగా ఉంది. ఇంజను మీది తీగ, మామూలు వేడి. నల్లతీగ కారు ఒంటికి కలిసే బోల్టు దగ్గర చెయ్యి ఆనీ ఆనకముందే చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అదే సమయానికి బానెట్ కింద నుంచి, కమ్మగా, సందేహం లేకుండా, పులిహోర.

రాజుగారి స్కూటరు వచ్చి ఆగింది కూడా అప్పుడే. వెనకాల రిక్షాలో మామ్మగారు. రేవు దగ్గర గోదారి స్నానం చేసి, కారు సంగతి చూద్దామని దారిలో దిగారు. మావయ్య ఇంజను ఆపించి, తువ్వాలు చుట్టి బోల్టు విప్పాడు. నల్లతీగ చివర ఉన్న రాగి రింగుకీ ఇనుముకీ మధ్య, పూతరేకంత పల్చగా, మాడి గోధుమరంగు తిరిగిన పసుపు పొర. అంచున ఇంకా కాస్త కుంకుమ ఉంది. ఆ బొట్టు దసరా నుంచి కదలకుండా అక్కడే ఉండి, ప్రతి పాటకీ ఊఫరు కరెంటు తన మీదుగా పోతుంటే నూనెలో వేగుతూ పోపు పెడుతోంది. హెడ్‌లైట్ల కరెంటు కూడా ఆ ఇరుకులోంచే రావాలి కాబట్టి అవి కళ్ళు మూస్తున్నాయి.

మావయ్య నా వైపు చూశాడు. ఆ బొట్టు సంగతి ఆయనకి తెలియదు, కానీ నా మొహంలో మొత్తం చదివేశాడు. బాబాయి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. రాజుగారు, "దొరికిందాండి?" అని మెల్లగా అడిగారు. నాకు రెండు దార్లు కనిపించాయి. ఎవరి బొట్టో చెబితే ఆవిడ భక్తి మీద పడుతుంది. ఏదో తీగ వదులైందని గొణిగితే, వదులు చేసింది బాబాయే అవుతాడు. జీవితంలో మొదటిసారి ఒక గంభీరమైన సమయంలో గాలి తియ్యడానికి నా దగ్గర సూది లేదు.

"నేను బిగించిందేనండి. శుభ్రం చెయ్యకుండా బిగించేశాను. మొన్న మీరు పంపిస్తే సరిగ్గా చూడకుండా బాగుందని పంపించేశాను. తప్పు రెండుసార్లూ నాదే. బాబాయి ఆ చోట చెయ్యి కూడా పెట్టలేదు. ఆ వాసన ఇదేనండి, ఆయన తిన్నది కాదు" అన్నాను. ఒక్క గుక్కలో చెప్పేశాను, ఆగితే జోకు వేస్తానేమోనని.

రాజుగారు వంగి వాసన చూశారు. నేను శుభ్రం చెయ్యకుండా అని మాత్రమే అన్నాను గానీ, మామ్మగారు ఆ ఎర్రటి అంచు చూశారు. ఆ బొట్టు తనదేనని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"పసుపు నేను పెట్టాను, మంట నువ్వు పెట్టావు. మధ్యలో పాపం వీడు పులిహోర తిన్నాడని తిట్టాం" అన్నారావిడ. అని కారు తలుపు దగ్గరికి వెళ్ళి, "ఒరే, రేపు నాలుగింటికల్లా తయారుగా ఉండు. అన్నవరం నువ్వే తీసుకెళ్ళాలి. ఇంకెవరి కారూ నేను ఎక్కను" అన్నారు.

"ఆయ్" అన్నాడు బాబాయి. ఇరవై ఏళ్ళ ఉద్యోగం తిరిగొచ్చినవాడు అనాల్సిన మాట అంతకంటే పెద్దదేదో ఉండాలి అని నాకు అనిపించింది. లేదు. గోదావరి జిల్లాలో అన్నీ ఆ ఒక్క మాటలోనే పడతాయి.

రాజుగారు పక్కనున్న ఎస్టీడీ బూతులోకి వెళ్ళి తునికి ఫోను చేసి, ఆ డ్రైవర్ని రావద్దని చెప్పొచ్చారు. వస్తూ అరడజను గోళీసోడాలు చెప్పి, మొదటిది తన చేత్తో కొట్టి బాబాయికి ఇచ్చారు. క్షమించమని ఎవరూ అడగలేదు, ఎవరూ క్షమించలేదు; సోడా మాత్రం అందరం తాగాం. నేను ఆ చోటు మళ్ళీ మెరిసేదాకా రుద్ది, నల్లతీగ బిగించి, మావయ్య బల్బు ఆనించాను. ఊఫరు షెడ్డు రేకుల్ని అదరగొడుతోంది, బల్బు మాత్రం నల్లగా, హాయిగా నిద్రపోయింది. అప్పుడు ఆగలేక అన్నాను, మామ్మగారూ, రేపు అన్నవరం ప్రసాదం కారులో మాత్రం తినకండి, మళ్ళీ బాబాయి మీదకొస్తుంది అని. అందరికంటే ముందు బాబాయే నవ్వాడు.

తరువాతి దసరాకి మామ్మగారు మళ్ళీ నూనె పసుపుతోనే వచ్చారు. బానెట్ ఎత్తగానే గిన్నె పట్టుకుని నా వైపు తిరిగి, "ఎక్కడ పెట్టాలో చూపించు బాబూ" అన్నారు. నేను ముందు బోల్టు బిగించి, దాని నెత్తిమీద వేలు పెట్టి చూపించాను. అక్కడ పెట్టారు. మిగిలిన పసుపు నా నుదుటికి రాశారు, వాసన వస్తుందేమో చూసుకో అంటూ. ముందు బిగింపు, తరువాత బొట్టు అన్నది అప్పటి నుంచి మా షెడ్డు ఆచారమైపోయింది. తరువాత చేరిన వాళ్ళు అదేదో శాస్త్రంలో ఉందనుకునేవారు, మేం కాదనలేదు.

ఇప్పుడు మామ్మగారు లేరు. మావయ్య పోయి కూడా చాలా ఏళ్ళయింది. షెడ్డు ఉన్న చోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. బాబాయి మాత్రం ఉన్నాడు, ప్రతి దసరాకీ ఫోను చేసి, "పులిహోర బాబూ, బాగున్నావా?" అని అడుగుతాడు. నా అసలు పేరు ఆయనకి గుర్తుందో లేదో నాకు తెలియదు.

పోయిన నెల నా కారుని సర్వీసుకి ఇచ్చాను. ఒక కుర్ర ఇంజనీరు, చాలా మర్యాదస్తుడు, పలక లాంటిదేదో కారుకి తగిలించి, అన్నీ బాగున్నాయి సార్ అన్నాడు. అతని పలక చెప్పింది నిజమే అయ్యుంటుంది. నా మల్టీమీటరు కూడా నిజమే చెప్పింది, నేనే దాన్ని తప్పుచోట అడిగాను. అలవాటు కొద్దీ బానెట్ కిందకి చెయ్యి తిరగేసి పెట్టబోతే, "వద్దు సార్, ముట్టుకుంటే వారంటీ పోతుంది" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎప్పుడూ వేడి తగిలి తీసుకునేవాణ్ణి, మొదటిసారి మర్యాద కోసం తీసుకున్నాను.

మొన్న దసరాకి మా ఆవిడ నూనె పసుపు కలిపి ఇచ్చింది. బానెట్ ఎత్తి ఎర్త్ బోల్టు కోసం వెతికాను. కొత్తకార్లలో అన్నిటి మీదా నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. కింద ఏది ఎక్కడుందో కట్టినవాడికి తప్ప తెలియదు. కాసేపు చూసి, సుమారుగా అక్కడే ఉంటుందనుకున్న చోట, ఆ మూత మీదే బొట్టు పెట్టాను. ఆ బొట్టు మీదుగా ఏ కరెంటూ పోదు. అది వేడెక్కదు, వాసనా రాదు. అయినా పాట పెట్టుకుని, అద్దాలు బిగించుకుని, ఒక పావుగంట కారులోనే కూర్చున్నాను.